పొద్దున్నే ఆగిపోయే సర్వర్: ఖాళీగా ఉన్న డేటాబేస్ కనెక్షన్ల సంగతి

ఈరోజు మాట్లాడుకోబోయే సమస్య సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరిన కొత్తలోనే చాలామందికి ఎదురవుతుంది. కానీ దాని పేరు తెలియక "సర్వర్ హ్యాంగ్ అయింది, రీస్టార్ట్ చెయ్" అని వదిలేస్తారు. అప్లికేషన్ సర్వర్‌కీ డేటాబేస్‌కీ మధ్య పని లేకుండా ఖాళీగా ఉన్న కనెక్షన్లు ఎలా తెగిపోతాయి, తెగిన సంగతి మనకెందుకు తెలియదు, తెలియాలంటే ఏం చేయాలి... ఇదే ఈ ఎపిసోడ్.

ముందు నాకు జరిగింది చెప్తాను. చేరిన కొత్తలో నేనొక గోడౌన్ అప్లికేషన్ చూసుకునేవాణ్ణి. గోడౌన్ రాత్రి 9కి మూసేస్తే మళ్ళీ పొద్దున 8కే తెరుస్తారు. పగలంతా అప్లికేషన్‌తో ఏ ఇబ్బందీ ఉండేది కాదు. పొద్దున మొదట లాగిన్ అయినవాళ్ళకి మాత్రం స్క్రీన్ మీద చక్రం తిరుగుతూనే ఉండేది. బయట లారీలు ఆగిపోయేవి, డ్రైవర్లు గేటు దగ్గర కేకలేసేవాళ్ళు. సుమారు పావుగంట అయ్యాక దానంతటదే బాగైపోయేది.

దీనికి మా టీమ్ కనిపెట్టిన మందు ఏంటంటే, రోజూ ఏడున్నరకి నేను లేచి సర్వర్ రీస్టార్ట్ చేయడం. రెండు నెలలు అలాగే చేశాను, ఆదివారాలతో సహా. ఒక రోజు జ్వరం వచ్చి లేవలేకపోయాను. ఆ రోజు మీటింగ్‌లో తేల్చింది ఏంటంటే, తప్పు సర్వర్‌ది కాదు, నాది! "రీస్టార్ట్ ఎందుకు చేయలేదు?" అని అడిగారు తప్ప "రోజూ రీస్టార్ట్ ఎందుకు చేయాల్సి వస్తోంది?" అని ఒక్కరూ అడగలేదు.

అడిగింది మా డేటాబేస్ మేడమ్ ఒక్కరే. "రేపు రీస్టార్ట్ చెయ్యకు బాబూ. ఎనిమిదింటికి ముందే నువ్వు నీ వైపు చూడు, నేను నా వైపు చూస్తా" అన్నారు. మర్నాడు ఇద్దరం ఫోన్‌లో ఉన్నాం.

"మేడమ్, నా పూల్‌లో 10 కనెక్షన్లు ఉన్నాయండీ. అన్నీ ఖాళీగా, రెడీగా ఉన్నాయి. ఎర్రర్ ఏమీ లేదు."

"నా దగ్గర మీ అప్లికేషన్‌ది ఒక్కటి కూడా లేదు. ఏ పదింటి గురించి చెప్తున్నావ్?"

ఈ చివర 10, ఆ చివర సున్నా. సమస్య మొత్తం ఇందులోనే ఉంది. ఇప్పుడు ఇది ఎలా జరుగుతుందో చూద్దాం.

పూల్ ఎందుకు పెట్టుకుంటాం?

డేటాబేస్‌కి కొత్త కనెక్షన్ తెరవడం చిన్న పనేం కాదు. ముందు టీసీపీ హ్యాండ్‌షేక్ జరగాలి, ఎన్‌క్రిప్షన్ ఉంటే దాని బేరం వేరే, ఆ తర్వాత యూజర్ పేరు, పాస్‌వర్డ్ చెక్ అవ్వాలి. పోస్ట్‌గ్రెస్ అయితే ప్రతి కనెక్షన్‌కీ డేటాబేస్ సర్వర్‌లో ఒక ప్రాసెస్ కూడా మొదలవుతుంది. రెండు మిల్లీసెకన్ల క్వెరీ కోసం ప్రతిసారీ ఇదంతా చేస్తే అసలు పనికన్నా ఏర్పాట్లకే ఎక్కువ టైమ్ పోతుంది. అందుకే ముందే కొన్ని కనెక్షన్లు తెరిచి పక్కన పెట్టుకుంటాం. రిక్వెస్ట్ వస్తే ఒకటి ఇస్తాం, పని అయ్యాక వెనక్కి తీసుకుంటాం. దాన్నే కనెక్షన్ పూల్ అంటారు. జావాలో ఎక్కువమంది వాడే హికారీ సీపీలో మీరు ఏ సెట్టింగూ మార్చకపోతే గరిష్ఠంగా 10 కనెక్షన్లు ఉంటాయి.

అంటే కనెక్షన్లు ఖాళీగా ఉండటం తప్పు కాదు. పూల్ పెట్టుకునేదే అందుకు. గొడవ ఎక్కడ వస్తుందంటే, ఖాళీగా ఉన్న కనెక్షన్‌కీ తెగిపోయిన కనెక్షన్‌కీ బయటి నుంచి చూస్తే తేడా కనపడదు.

ఎందుకంటే టీసీపీ కనెక్షన్ అనేది రెండు మెషీన్ల మధ్య కట్టిన తాడు కాదు. అటూ ఇటూ ఉన్న రెండు కంప్యూటర్లూ తమ తమ మెమరీలో "ఫలానావాడితో నాకు కనెక్షన్ ఉంది, ఇంతవరకు మాట్లాడుకున్నాం" అని రాసుకున్న లెక్క, అంతే. పంపడానికి డేటా లేకపోతే మధ్యలో ఒక్క ప్యాకెట్ కూడా నడవదు. గంటసేపు కేబుల్ పీకేసి మళ్ళీ పెట్టినా, ఆ గంటలో ఎవరూ ఏమీ పంపకపోతే రెండు వైపులా కనెక్షన్ బాగానే ఉందని అనుకుంటారు. టీసీపీని అలాగే తయారు చేశారు. చిన్న చిన్న అంతరాయాలకి తెగిపోకూడదనే ఉద్దేశంతో.

మధ్యలో వాచ్‌మన్

ఆ రెండు కంప్యూటర్లే ఉంటే ఇంత కథ లేదు. మధ్యలో ఫైర్‌వాల్, నాట్ గేట్‌వే, లోడ్ బ్యాలెన్సర్ లాంటివి ఉంటాయి. వీటిని అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌లా ఊహించుకోండి. లోపలికి వచ్చేవాళ్ళ పేరు రిజిస్టర్‌లో రాసుకుంటాడు. పేరు ఉన్నవాళ్ళు ఎన్నిసార్లైనా అటూ ఇటూ తిరగొచ్చు. కానీ రిజిస్టర్‌లో పేజీలు తక్కువ. చాలాసేపు కనపడని వాళ్ళ పేరు కొట్టేస్తాడు. కొట్టేసిన సంగతి ఆ మనిషికీ చెప్పడు, ఫ్లాట్ వాళ్ళకీ చెప్పడు.

ఎంతసేపటికి కొట్టేస్తాడన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. అమెజాన్ క్లౌడ్‌లో నాట్ గేట్‌వే 350 సెకన్లు చూస్తుంది, అంటే ఆరు నిమిషాల్లోపే. అజూర్ లోడ్ బ్యాలెన్సర్‌లో మీరు మార్చకపోతే 4 నిమిషాలు. మా గోడౌన్ కథలోని ఫైర్‌వాల్‌లో 60 నిమిషాలు పెట్టి ఉంది.

సరే, వాచ్‌మన్ పేరు కొట్టేశాడు. ఆ తర్వాత మన అప్లికేషన్ ఆ కనెక్షన్ మీద క్వెరీ పంపితే ఏమవుతుంది? మూడు రకాలుగా జరగొచ్చు.

మొదటిది, మధ్యలోవాళ్ళ ప్రమేయం లేకుండా డేటాబేసే కనెక్షన్‌ని మూసేయడం. మై ఎస్‌క్యూఎల్‌లో వెయిట్ టైమ్‌అవుట్ అనే సెట్టింగ్ ఉంది. దాని డిఫాల్ట్ 28,800 సెకన్లు, అంటే 8 గంటలు. రాత్రి 10కి ఆఖరి రిక్వెస్ట్ వస్తే పొద్దున 6కి డేటాబేస్ "ఇక చాలు" అని మూసేస్తుంది. ఆ కబురు అప్లికేషన్ ఉన్న మెషీన్‌కి చేరుతుంది కూడా. కానీ పూల్ దాన్ని వాడేదాకా చూడదు. వాడగానే ఎర్రర్ వస్తుంది. "మై ఎస్‌క్యూఎల్ సర్వర్ హ్యాజ్ గాన్ అవే" అనే మాట చాలామంది చూసే ఉంటారు. చిరాకే, కానీ వెంటనే తెలుస్తుంది.

రెండోది, మధ్యలో ఉన్న పెట్టె "నీ కనెక్షన్ లేదు" అని రీసెట్ ప్యాకెట్ పంపడం. అమెజాన్ నాట్ గేట్‌వే ఇలాగే చేస్తుంది. "కనెక్షన్ రీసెట్ బై పీర్" అని లాగ్‌లో పడుతుంది. ఇది కూడా వెంటనే తెలిసిపోయేదే.

మూడోది మౌనం. ప్యాకెట్ వస్తే కింద పడేస్తుంది, జవాబివ్వదు. అజూర్ లోడ్ బ్యాలెన్సర్ కూడా మీరు రీసెట్ పంపమని ప్రత్యేకంగా ఆన్ చేయకపోతే ఇలాగే ఊరుకుంటుంది. మా ఫైర్‌వాల్ కూడా ఈ రకమే. అప్పుడు మన లైనక్స్ మెషీన్ ఏమనుకుంటుందంటే "దారిలో ప్యాకెట్ పోయినట్టుంది, మళ్ళీ పంపుదాం" అనుకుంటుంది. మళ్ళీ పంపుతుంది, మళ్ళీ, మళ్ళీ. మధ్యలో ఆగే టైమ్ పెంచుకుంటూ డిఫాల్ట్‌గా 15 సార్లు ప్రయత్నిస్తుంది. ఇదంతా అయి చేతులెత్తేసేసరికి సుమారు 924 సెకన్లు పడుతుంది. 15 నిమిషాల పైనే. గోడౌన్‌లో పావుగంట చక్రం తిరిగింది అన్నాను కదా, ఆ పావుగంట ఇదే.

ఆ రాత్రి ఏం జరిగింది

ఇప్పుడు మా కథని గడియారం పెట్టి చూద్దాం. రాత్రి 9కి ఆఖరి క్వెరీ. 10కి ఫైర్‌వాల్ మా 10 కనెక్షన్ల పేర్లూ కొట్టేసింది. 11కి పోస్ట్‌గ్రెస్ సర్వర్ వైపు నుంచి "ఉన్నావా?" అని ఒక చిన్న ప్యాకెట్ బయల్దేరింది. దీన్ని కీప్‌అలైవ్ అంటారు. లైనక్స్‌లో దీని డిఫాల్ట్ 7,200 సెకన్లు, అంటే రెండు గంటలు ఖాళీగా ఉంటేనే మొదటిది వెళ్తుంది. జవాబు రాకపోతే 75 సెకన్లకొకటి చొప్పున మొత్తం 9 పంపుతుంది. ఆ ప్యాకెట్లన్నీ ఫైర్‌వాల్ దగ్గరే పడిపోయాయి. 11 గంటల 11 నిమిషాలకి డేటాబేస్ "వీడు పోయాడు" అనుకుని తన వైపు శుభ్రం చేసుకుంది. అందుకే మేడమ్ దగ్గర సున్నా.

మరి అప్లికేషన్ వైపు? మా డ్రైవర్‌లో కీప్‌అలైవ్ ఆన్ చేసి లేదు. పోస్ట్‌గ్రెస్ జావా డ్రైవర్‌లో అది డిఫాల్ట్‌గా ఆఫ్‌లోనే ఉంటుంది. డేటాబేస్ వైపు నుంచి ఏ కబురు వచ్చినా ఫైర్‌వాల్ దాటదు. కాబట్టి నా పూల్ తెల్లవార్లూ పది కనెక్షన్లూ ఉన్నాయనే నమ్మకంతో కూర్చుంది. ఎనిమిదింటికి మొదటి పదిమంది లాగిన్ అయ్యారు, తలా ఒక తెగిన కనెక్షన్ పట్టుకుని పావుగంట ఆగారు. పదకొండో మనిషికి పూల్‌లో ఏమీ మిగల్లేదు, అతను క్యూలో నిలబడ్డాడు. పావుగంట తర్వాత ఎర్రర్ వచ్చి, పూల్ వాటిని పారేసి కొత్తవి తెరిచింది. అంతా బాగైపోయింది. రీస్టార్ట్ చేస్తే బాగవడానికి కారణం కూడా ఇదే: కొత్త కనెక్షన్లు.

ఇక్కడ ఒక ప్రశ్న రావాలి మీకు. కీప్‌అలైవ్ రెండు గంటలకి మొదలైతే, మధ్యలో ఉన్న పెట్టె గంటకో, నాలుగు నిమిషాలకో మర్చిపోతే ఇక దాని వల్ల లాభమేంటి? కరెక్టే, డిఫాల్ట్ నంబర్‌తో పెద్దగా లాభం లేదు. ఆ రెండు గంటలు ఇప్పటి మాట కాదు. 1989లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 1122 అనే ఇంటర్నెట్ ప్రమాణంలో ఉంది: కీప్‌అలైవ్ డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉండాలి, ఆన్ చేస్తే డిఫాల్ట్ విరామం రెండు గంటలకి తగ్గకూడదు అని. అప్పటి నెట్‌వర్క్‌లకి అది సరిపోయింది. ఇప్పుడు దారిలో ఇన్ని పెట్టెలు వచ్చాక మనమే దాన్ని తగ్గించుకోవాలి.

మీ ఫోన్‌లో కూడా

ఇది సర్వర్లకే కాదండీ. మీ ఫోన్‌లో మెసేజ్ వెంటనే రావాలంటే ఫోన్‌కీ సర్వర్‌కీ మధ్య ఒక కనెక్షన్ తెరిచే ఉండాలి, అది ఎక్కువసేపు ఖాళీగానే ఉంటుంది. మొబైల్ నెట్‌వర్క్‌లో కూడా నాట్ పెట్టెలు ఉంటాయి, అవీ మర్చిపోతాయి. అందుకే ఫోన్ మధ్యమధ్యలో చిన్న ప్యాకెట్ పంపి "నేనున్నా" అంటుంది. ప్రతి యాప్ విడివిడిగా అలా చేస్తే బ్యాటరీ మిగలదు. కాబట్టి ఆండ్రాయిడ్‌లో గూగుల్ నోటిఫికేషన్ సర్వీస్ ఒక్క కనెక్షన్ పెట్టుకుని అన్ని యాప్‌ల కబుర్లూ దాంట్లోంచే తెస్తుంది. సమస్య అదే, ఖర్చు మాత్రం అక్కడ బ్యాటరీ, ఇక్కడ మెమరీ.

మరి ఏం చేయాలి?

మొదటి పని కోడ్ కాదు, కాగితం. అప్లికేషన్ నుంచి డేటాబేస్ దాకా దారిలో ఎవరెవరు ఉన్నారో రాయండి. ఒక్కొక్కరి దగ్గర ఖాళీ టైమ్‌అవుట్ ఎంతో నెట్‌వర్క్ టీమ్‌ని అడిగి పక్కన రాయండి. అన్నిటికన్నా చిన్న నంబర్‌కి సున్నా చుట్టండి. మీ పూల్ ఆ నంబర్ కన్నా ముందే మేలుకోవాలి. ఇది ఒక్కటి గుర్తుంటే మిగతావన్నీ వివరాలే.

మేలుకోవడానికి రెండు దారులు. ఒకటి, పూల్ తనే ఖాళీ కనెక్షన్లని ముందుగా మూసేసి అవసరమైనప్పుడు కొత్తవి తెరవడం. హికారీలో ఐడిల్ టైమ్‌అవుట్ డిఫాల్ట్ 10 నిమిషాలు, మాక్స్ లైఫ్‌టైమ్ 30 నిమిషాలు. ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. కనీస కనెక్షన్ల సంఖ్య గరిష్ఠం కన్నా తక్కువ పెడితేనే ఐడిల్ టైమ్‌అవుట్ పని చేస్తుంది. డిఫాల్ట్‌గా రెండూ సమానం. అంటే మీరు ఐడిల్ టైమ్‌అవుట్‌లో ఏ నంబర్ రాసినా అది పట్టించుకోదు! అప్పుడు మాక్స్ లైఫ్‌టైమ్ ఒక్కటే దిక్కు.

రెండోది, కనెక్షన్‌ని అప్పుడప్పుడు కదిలిస్తూ ఉండటం. టీసీపీ కీప్‌అలైవ్‌ని డ్రైవర్‌లో ఆన్ చేసి, రెండు గంటల బదులు, మీ దారిలో అన్నిటికన్నా చిన్న నంబర్ 4 నిమిషాలైతే, 60 సెకన్లో 120 సెకన్లో పెట్టండి. పోస్ట్‌గ్రెస్ సర్వర్ వైపు కూడా ఇదే సెట్టింగ్ ఉంది. ఆన్ చేయడం, నంబర్ తగ్గించడం రెండు వేర్వేరు పనులు. ఒకటి చేసి రెండోది మర్చిపోతే మళ్ళీ మొదటికే వస్తారు.

మూడో రక్షణ, కనెక్షన్ ఇచ్చే ముందు పరీక్షించడం. హికారీ ఇది తనంతట తనే చేస్తుంది. కానీ మౌనంగా తెగిన కనెక్షన్ అయితే ఆ పరీక్షకే 5 సెకన్లు ఆగాలి. పూల్‌లో వరసగా నాలుగు తెగినవి తగిలితే పాపం మొదటి యూజర్‌కి 20 సెకన్లు. కాబట్టి పరీక్ష ఉంది కదా అని పై రెండూ వదిలేయకండి. మా గోడౌన్‌లో వాడింది ఒకరు సొంతంగా రాసిన పూల్, దాంట్లో ఈ పరీక్షే లేదు.

నాలుగోది సాకెట్ టైమ్‌అవుట్. "ఇన్ని సెకన్లలో జవాబు రాకపోతే వదిలెయ్" అని డ్రైవర్‌కి చెప్పడం. ఇది ఉంటే 15 నిమిషాల నరకం ఉండదు. కానీ జాగ్రత్త: మీ దగ్గర మూడు నిమిషాలు నడిచే రిపోర్ట్ క్వెరీ ఉండి, మీరు 30 సెకన్లు పెడితే మంచి క్వెరీలనే చంపేస్తారు. అలాంటి రిపోర్ట్‌లకి వేరే పూల్ పెట్టుకోండి.

ఇక్కడ డబ్బుకి సంబంధించిన మాట ఒకటి. టైమ్‌అవుట్ వచ్చింది కదా అని అదే పనిని గుడ్డిగా మళ్ళీ చేయకండి. కమిట్ పంపాక కనెక్షన్ తెగితే, అది అవతల జరిగిందో లేదో మీకు తెలియదు. చదివే క్వెరీ అయితే మళ్ళీ పంపొచ్చు. ఖాతాలోంచి 500 తీసే క్వెరీ అయితే రెండోసారి 500 పోవచ్చు. ప్రతి లావాదేవీకి ఒక ప్రత్యేక నంబర్ పెట్టుకుని, ముందు అది నమోదైందో లేదో చూసి, అప్పుడే మళ్ళీ ప్రయత్నించాలి.

ఖాళీల్లో చెడ్డ ఖాళీ

ఇప్పటిదాకా మాట్లాడింది మామూలు ఖాళీ. ఇంకో రకం ఉంది, దాన్ని పోస్ట్‌గ్రెస్ "ఐడిల్ ఇన్ ట్రాన్సాక్షన్" అంటుంది. ట్రాన్సాక్షన్ మొదలుపెట్టి, ఒక వరసని అప్‌డేట్ చేసి, కమిట్ చేయకుండా కూర్చోవడం. ఎలా జరుగుతుందంటే, కోడ్‌లో ట్రాన్సాక్షన్ మధ్యలోనే ఎస్‌ఎంఎస్ పంపే సర్వీస్‌నో, పేమెంట్ సర్వీస్‌నో పిలుస్తాం. అది 40 సెకన్లు జవాబివ్వదు. ఆ 40 సెకన్లూ కనెక్షన్ ఖాళీయే, కానీ ఆ వరస మీద తాళం మన దగ్గరే ఉంది. అదే వరస మార్చాల్సినవాళ్ళంతా ఆగిపోతారు. ఇది గంటలకొద్దీ ఉంటే పాత వరసల చెత్తని తీసే వాక్యూమ్ పని కూడా సరిగ్గా జరగదు.

దీనికి పూల్ సెట్టింగ్‌లు పనికిరావు, కీప్‌అలైవ్ అసలు పనికిరాదు, ఎందుకంటే కనెక్షన్ బతికే ఉంది. మందు కోడ్‌లోనే ఉంది: బయటి సర్వీస్‌ని ట్రాన్సాక్షన్ బయటే పిలవండి. జాగ్రత్త కోసం పోస్ట్‌గ్రెస్‌లో ఇలాంటివాటిని కొంతసేపయ్యాక తెంపేసే సెట్టింగ్ 2016లో వచ్చిన 9.6 వెర్షన్ నుంచి ఉంది. మామూలు ఖాళీ సెషన్లని తెంపే సెట్టింగ్ 2021లో 14వ వెర్షన్‌తో వచ్చింది. కానీ పూల్ వాడేవాళ్ళు ఈ రెండోదాన్ని ఆలోచించి వాడాలి. మీరు దాచుకున్న కనెక్షన్లని డేటాబేసే తెంపేస్తే మళ్ళీ పొద్దున ఎర్రర్ కథ మొదలవుతుంది.

ఇక లెక్క విషయం. పోస్ట్‌గ్రెస్‌లో డిఫాల్ట్ గరిష్ఠం 100 కనెక్షన్లు, అందులో 3 సూపర్‌యూజర్ కోసం పక్కన ఉంటాయి. మీ అప్లికేషన్ 8 సర్వర్ల మీద ఉండి, ఒక్కోదానికి 10 అయితే 80. పండగ సేల్ అని ఆటోమేటిక్‌గా 12 సర్వర్లు అయ్యాయంటే 120 కావాలి. చివరి సర్వర్లకి డేటాబేస్ తలుపు మూసేస్తుంది. తమాషా ఏంటంటే, అప్పుడు కూడా ఆ 97లో సగం ఖాళీగా ఉండొచ్చు. అందుకే పూల్ సైజుని సర్వర్ల సంఖ్యతో హెచ్చవేసి చూడండి. ఆ లెక్క దాటితే పీజీ బౌన్సర్ లాంటిది మధ్యలో పెట్టాలి. అది ఎక్కువ అప్లికేషన్ కనెక్షన్లని తక్కువ డేటాబేస్ కనెక్షన్ల మీద సర్దుతుంది.

మీరే చేసి చూడండి

ఇది నమ్మడానికి నా మాట అక్కర్లేదు. లైనక్స్ ల్యాప్‌టాప్‌లో ఒక వర్చువల్ మెషీన్ పెట్టి దాంట్లో పోస్ట్‌గ్రెస్ వేయండి. ల్యాప్‌టాప్ నుంచి చిన్న ప్రోగ్రామ్‌తో కనెక్ట్ అయి ఒక క్వెరీ నడపండి. తర్వాత ఐపీటేబుల్స్‌తో డేటాబేస్ పోర్ట్‌కి వెళ్ళే ప్యాకెట్లని డ్రాప్ చేయండి. రిజెక్ట్ కాదు, డ్రాప్. ఇప్పుడు అదే కనెక్షన్ మీద ఇంకో క్వెరీ పంపి స్టాప్‌వాచ్ పెట్టండి. ఇంకో టెర్మినల్‌లో ఎస్‌ఎస్ అనే కమాండ్‌ని టైమర్లు చూపించే ఆప్షన్‌తో నడిపితే, మళ్ళీ మళ్ళీ పంపే లెక్క పెరుగుతూ కనిపిస్తుంది. ఆ పావుగంట ఒక్కసారి కళ్ళతో చూస్తే జన్మలో మర్చిపోరు.

మా గోడౌన్ సంగతి ఎలా ముగిసిందంటే, డ్రైవర్‌లో కీప్‌అలైవ్ ఆన్ చేశాం, మెషీన్‌లో 7,200ని 300 చేశాం. రెండు లైన్ల మార్పు. మర్నాడు ఎనిమిదింటికి ఎవరూ ఫోన్ చేయలేదు. ఏడున్నర అలారం తీసేయడానికి మాత్రం నాకు ఇంకో వారం పట్టింది, నమ్మకం కుదరక!

మీ ఆఫీసులో కూడా "రోజూ పొద్దున రీస్టార్ట్ చెయ్" అనే డ్యూటీ ఎవరిమీదైనా పడి ఉంటే, వాళ్ళకి ఈ ఎపిసోడ్ పంపండి. రీస్టార్ట్ చేసే ముందు రెండు వైపులా కనెక్షన్లు లెక్కపెట్టమనండి. రెండు నంబర్లూ కలవకపోతే సమస్య ఎక్కడుందో సగం తెలిసినట్టే.